ఇంటర్వెల్ లేని చందా

నాలుగో గని కాలనీ, చంద్రుడు
స్టోరు పుస్తకం, వెనక పేజీలు
రాస్తున్నది: స్టోరు కూర్మారావు

చందా మారే ముందు రోజు

ఇవాళ్టితో కృష్ణవేణి టాకీస్ చందా అయిపోతుంది. వచ్చే ఏడాదికి ఏ చందా కట్టాలో పోల్చి చెప్పే పని కాలనీ వాళ్ళు నాకు అప్పగించారు. ఈ ముప్ఫై ఎనిమిది మందిలో సినిమా చూడనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పక్షపాతం ఉండదని వాళ్ళ నమ్మకం. చేపలు తిననివాడిని చేపల బేరానికి పంపినట్టుంది. అయినా కాదనలేదు. కాదనాలంటే మాట్లాడాలి.

మా గిన్నె యాంటెన్నా ఒకసారి ఒక చందానే పట్టగలదు. పోటీలో మూడున్నాయి.

కృష్ణవేణి టాకీస్. నాలుగు వందల పన్నెండు సినిమాలు. అందులో అరవై ఒకటి గీతలు పడినవి. నెలకు పద్దెనిమిది కిలోల మంచు. ఇక్కడ తవ్వేదీ మంచే, తాగేదీ మంచే, చందా కట్టేదీ మంచే.

తారాబలం. నెలకు మూడు కిలోలే. కాకపోతే ఎనిమిది నిమిషాలకొక ప్రకటన. గాలీ వానా లేని చోట మాకు గొడుగులు అమ్మాలని చూస్తున్నారు. పట్టుదల మెచ్చుకోదగ్గది, చందా కాదు.

అపారం. నెలకు ఏడు కిలోలు. ఎన్ని సినిమాలున్నాయని అడిగితే లెక్క లేదన్నారు. లెక్క లేనిదాన్ని నేను నమ్మను. తర్వాత తెలిసింది, అవి ముందే తీసి పెట్టుకున్నవి కావట. చూసేవాళ్ళ మొహాలు చూస్తూ అప్పటికప్పుడు అల్లుతుందట.

రోజుకు రెండున్నర గంటలు చూస్తారనుకుంటే, కృష్ణవేణిలో గంట వినోదానికి రెండు వందల నలభై గ్రాముల మంచు. అపారంలో తొంభై మూడు. ఇక ఆలోచించేదేముంది? పట్టిక గీసి క్యాంటీను గోడకు అంటించాను.

సాయంత్రం పాత చందాలో ఆఖరి సినిమా వేశారు. సగంలో తెరమీద "విశ్రాంతి" అని పడింది. అలవాటుగా అందరూ లేచి పక్క గదిలోని నాచు తొట్ల దగ్గరికి నడిచారు. ఎనిమిది తొట్లు. మా గాలి అక్కడే తయారవుతుంది. నాచు అడుక్కి దిగితే కుళ్ళుతుంది కాబట్టి రోజూ తిప్పాలి. తొట్టికి నలుగురు ఎదురెదురుగా తెడ్లు వేస్తే తప్ప అడుగు కదలదు. తిప్పే మోటారు పాడై మూడేళ్ళు. కొత్తది పంపమని రాస్తే, మీరు చేత్తో బాగానే తిప్పుతున్నారుగా అని గని కంపెనీ మమ్మల్ని అభినందించింది.

పదిహేను నిమిషాలు తిప్పుతూ, విలన్ చస్తాడా లేదా అని పోట్లాడుకుని, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. సినిమా అయ్యాక ఓట్లు. అపారానికి ముప్ఫై ఏడు. వద్దన్నది ఒక్క పైడమ్మ. తొట్లు చూసుకునేది ఆవిడే. అరవై దాటిన మనిషి.

"పాతదే ఉంచీండి," అంది.

కారణం అడిగాను.

"ఏటో, నాకూ తెలీదురా కూర్మా. ఉంచీమంటన్నాను."

నా పట్టికలో "ఏటో" అనే గడి లేదు. ఒప్పందం మీద వేలిముద్ర వేశాను. ఏడాదిలోపు మానుకుంటే ఏడాది మంచూ ఒకేసారి కట్టాలి.

1వ రోజు

అపారం మొదలైంది. క్యాంటీన్లో మొదటి మొహం కనబడగానే దానంతట అదే మొదలవుతుంది. హీరో మంచు తవ్వే డ్రిల్లరు. తెరముందు కూర్చున్న మా డ్రిల్లరు వరహాలు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అతని భార్య నూకరత్నం ఒక కంటితో ఏడ్చి ఒక కంటితో నవ్వింది. నాలుగు గంటలు ఆడింది. ఒక్కరూ లేవలేదు.

"కూర్మి మావా, నీకు దండం ఎట్టాల," అన్నాడు వరహాలు. "సినిమా సూడకుండానే ఇంత మంచిది ఎతికినావు. సూసుంటే సెడగొట్టీసేవోడివి."

నాలుగు గంటలు ఆడితే గంట ఖరీదు యాభై ఎనిమిది గ్రాములకు దిగుతుంది. సంతోషంగా రాసుకున్నాను.

తొట్లు పైడమ్మ ఒక్కతే తిప్పింది. పైపైన ఒకటిన్నర తొట్టి అయిందట.

5వ రోజు

క్యాంటీను గోడకు గాలి ముల్లు ఉంది, గాలి ఎంత చెడితే అంత పైకి పోతుంది. నలభై దాకా ఆకుపచ్చ, అరవై దాకా పసుపు, పైన ఎరుపు. మొదటి రోజు ముప్ఫై నాలుగు ఉండేది. ఇవాళ నలభై ఒకటి.

ముల్లు ఎరుపు తాకితే కాలనీ మూసేస్తారు. మనుషుల్ని మంచాలు ఖాళీ ఉన్నచోటికి పంచుతారు. కంపెనీ లెక్కలో భార్యాభర్తలంటే రెండు విడి మంచాలు. నూకరత్నానికి ఆరో నెల. మూస్తే ఆమె పెద్ద స్టేషనుకు, వరహాలు ఏడో గనికి. ఏడో గని నుంచి మనిషి ఏడాదిన్నర దాకా కదలడానికి లేదు. బిడ్డ నడక నేర్చుకున్నాక తండ్రి పరిచయమవుతాడు.

పెద్ద స్టేషను నర్సు రేడియోలో ఇదంతా చెప్పింది. చెప్తున్నప్పుడు నూకరత్నం రేడియో పక్కనే ఉంది. వరహాలూ ఉన్నాడు.

"నేను బతికుండగా ముల్లు ఎరుపు ముట్టనిస్తానేటి?" అని తొడ కొట్టాడు. సాయంత్రం సినిమాలో హీరో కూడా అదే మాట అని తొడ కొట్టాడు. అపారం బాగా వింటుంది.

7వ రోజు

తొట్లకు వంతుల పట్టీ రాశాను. అందరూ ముద్రలు వేశారు. ముప్ఫై ఎనిమిది ముద్రలు. వచ్చింది ఇద్దరం, పైడమ్మ, నేను.

వరహాలును పిలవడానికి క్యాంటీన్లోకి వెళ్ళాను.

"వస్తన్నాను మావా. ఈ ఫైటొకటి అయిపోనీ."

ఫైటు యాభై నిమిషాలు జరిగింది. కొట్టించుకోవడానికి మనుషులు కొత్తగా పుట్టుకొస్తున్నారు. అప్పుడు గమనించాను. ఎవరి కళ్ళైనా తలుపు వైపు తిరిగితే చాలు, తెరమీద ఏదో ఒక ఘోరం జరుగుతుంది. వరహాలు తలుపు వైపు చూడగానే హీరో ఇల్లు తగలబడింది. నూకరత్నం చేతులానించి లేవబోయేసరికి హీరోకు తప్పిపోయిన తమ్ముడు దొరికాడు. ఆ ఒక్క సాయంత్రం హీరోకు ఐదుగురు తమ్ముళ్ళు దొరికారు. వాళ్ళ తల్లికి కూడా అంతమందిని కన్నట్టు గుర్తులేదు.

సినిమా అయిపోతే వెళ్దురు గానీ, అది అవదు. హీరో పెళ్ళి భోజనంలో వడ్డించేవాడు వచ్చే సినిమా హీరో.

ముల్లు నలభై నాలుగు.

9వ రోజు

అపారం వినియోగదారుల సేవకు ఫోన్ చేశాను. పేరు ప్రియమిత్ర. యంత్రమో మనిషో తెలియదు. అంత మర్యాదను బట్టి చూస్తే యంత్రమే.

"నమస్కారం కూర్మారావు గారూ. మీకు ఎలా సహాయపడగలను?"

"ఇంటర్వెల్ కావాలి."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మా చిత్రాల్లో ఎలాంటి అంతరాయమూ ఉండదని హామీ ఇస్తున్నాము. ఏ సన్నివేశంలో అంతరాయం కలిగింది?"

"కలగలేదు. అదే నా ఫిర్యాదు."

"చాలా సంతోషం. అంతరాయం కలగలేదని నమోదు చేసుకున్నాము. మీ ఫిర్యాదు పరిష్కారమైంది. ఇంకేమైనా సహాయం కావాలా?"

జీవితంలో నేను చేసిన మూడో ఫోన్ ఇది. మొదటి రెండూ ఇంతకన్నా మెరుగ్గా జరిగాయని చెప్పలేను. పెట్టేసే ముందు ఆవిడ ఒక మంచి మాట చెప్పింది. ఎవరు కావాలన్నా తెర కింద బొటనవేలు ఆనించి సినిమా ఆపుకోవచ్చట.

10వ రోజు

ఆపాను.

తెర మీద నా ఫొటో పడింది. ఒప్పందానికి తీసిన ఫొటో, కళ్ళు సగం మూసుకుని ఉన్నాను. కింద గజం ఎత్తు అక్షరాలు. "ఈ చిత్రాన్ని ఆపినవారు: శ్రీ కూర్మారావు గారు."

హీరో తల్లి ప్రాణం పోతున్న సమయమట అది.

"ఏటి మావా ఇది?" వరహాలు లేచాడు. "ఆ యమ్మ కొడుక్కి ఏదో సెప్పబోతంది. ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోద్ది?"

"సచ్చిపోయే మనిషినైనా సావనివ్వడు," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"తాను సూడ్డు. సూసేటోళ్ళని సూడనివ్వడు."

తొట్లు, అన్నాను. ఒక్క మాటే అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. తొట్లు ముఖ్యమేనన్నారు. అయితే ముందు నేను ఆపడం తప్పని తేలాలన్నారు. తేలేసరికి పదిహేను నిమిషాలు అయింది. వరహాలు తన వేలు ఆనించి మళ్ళీ మొదలుపెట్టాడు. హీరో తల్లి ఆ మాట చెప్పకుండానే పోయింది. ఆ నేరమూ నా ఖాతాలోనే పడింది.

11వ రోజు

భోజనాల దగ్గర ఉప్పు అడిగితే ఎవరూ అందించలేదు.

తింటూ ఆలోచించాను. కృష్ణవేణిలో "విశ్రాంతి" అని పడినప్పుడు కింద ఎవరి పేరూ ఉండేది కాదు. వాన పడినట్టు పడేది. వానను ఎవరూ తిట్టరు, లేచి బట్టలు తీస్తారు. మూడేళ్ళుగా మా గాలిని నిలబెట్టింది అది. నాలుగు వందల పన్నెండు సినిమాల్లో ఒక్కోదాంట్లో పదిహేను నిమిషాలు తెల్లటి అట్ట. నేను దాన్ని పట్టికలో వృథా సమయం కింద తీసేశాను. తీసేస్తే కృష్ణవేణి గంట ఖరీదు ఇంకా పెరిగి అపారం ఇంకా చవకగా కనబడింది, అది చూసి మురిసిపోయాను కూడా.

13వ రోజు

ముల్లు యాభై రెండు. నూకరత్నం తలనొప్పని పనికి రాలేదు. సాయంత్రానికి క్యాంటీన్లో మాత్రం ఉంది. తలకు తడిగుడ్డ కట్టుకుని చూస్తోంది. పక్కన వరహాలు ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, తెర మీంచి కళ్ళు తిప్పకుండా ఒత్తుతున్నాడు. ప్రేమ లేదనడానికి లేదు.

పైడమ్మ నన్ను ఆరో తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. తెడ్డు అడుక్కి దించి తీసింది. గోధుమరంగు బురద, కుళ్ళు వాసన.

"ఒక్క సెంబుడు నాచు తెచ్చి పెంచినాను ఇదంతా. సూడు."

చూశాను.

"నీ పట్టీలో అన్నీ రాసినావు. గీతలు పడ్డ సినిమాలు కూడా ఎన్నో రాసినావు. తెడ్డు రాసినావేటి?"

"రాయలేదు."

"మరింకేటి."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

14వ రోజు

ముల్లు యాభై నాలుగు. క్యాంటీను ఫ్యూజు పెట్టె స్టోరు లోపలి గోడకు ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

సినిమా మొదలైన గంటా పది నిమిషాలకు ఫ్యూజు పీకాను.

తెర ఆరిపోయింది. ఎర్ర దీపాలు వెలిగాయి. కాలనీ మొత్తం ఒక్క గొంతు అయింది.

"ఓరి నీ అపారం అడుగంటా!"

"ఏడు కిలోలు మింగుతన్నాడు, గంట సినిమా తిన్నగా ఆడించలేడు!"

"కృష్ణవేణిలో ఎప్పుడన్నా ఇలగ జరిగిందేటి?"

వరహాలు స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఎంతసేపు పడద్ది మావా?"

"పావుగంట పట్టొచ్చు."

చేయడానికి ఏమీ లేదు. తిట్టడం కూడా రెండు నిమిషాలకు మించి సాగదు. కాసేపటికి కాళ్ళు వాటంతట అవే పక్క గదికి దారితీశాయి. ఎనిమిది తొట్ల దగ్గరా తెడ్లు లేచాయి. పావుగంటకు ఫ్యూజు పెట్టాను.

పుస్తకం ముందు పేజీల్లో, అందరూ చూసే చోట, "సాంకేతిక లోపం" అని రాశాను. ఇన్నేళ్ళలో ఈ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం. చేతిరాత మాత్రం మామూలుగానే వచ్చింది.

17వ రోజు

వరసగా నాలుగు రోజులు సాంకేతిక లోపం. ముల్లు యాభై మూడు. ప్రియమిత్ర తనే ఫోన్ చేసింది. మా కాలనీకి కలుగుతున్న అంతరాయాలకు అపారం కుటుంబం మొత్తం తీవ్రంగా చింతిస్తోందట. నష్టపరిహారంగా మా చందాను మరో నెల ఉచితంగా పొడిగించారట. అంటే శిక్షను పొడిగించారు. ధన్యవాదాలు చెప్పాను.

19వ రోజు

ఫ్యూజు మీద చెయ్యి వేస్తుండగా వెనక అలికిడయింది. పైడమ్మ.

దొరికిపోయాను. 

"నిన్న ఎక్కడ పీకినావో తెలుసా?" అంది మెల్లగా. "పాట మద్దిలో."

"గంటా పది నిమిషాలకు."

"గడియారం సూసి పీకుతున్నావా? ఓరి దేవుడా." నుదురు కొట్టుకుంది. "పాట మద్దిలో పీకితే జనం వొచ్చి మూగోళ్ళలాగ తిప్పినారు. మాట నేదు. మాట నేకపోతే సెయ్యి ఆడదు, ఐదు నిమిషాల్లో తెడ్లు ఒగ్గీసి పోనారు. మొన్న మాత్రం ఆ పిల్ల ఉత్తరం సింపబోతంటే పీకినావు. ఆ రోజు సూడాలి, ఉత్తరంలో ఏటుందోనని కొట్టుకు సచ్చినారు. తొట్లు గిర్రున తిరిగినాయి."

అది యాదృచ్ఛికమని చెప్పాను.

"అదే సెప్తన్నాను. తలుపు తీస్తాడు సూడు, అవతల ఎవులున్నారో కనపడకముందు పీకాలి. దెబ్బ తగిలి పడిపోతాడు, ఉన్నాడో పోయాడో తెలీకముందు పీకాలి."

"అది తెలియాలంటే సినిమా చూడాలి కదా."

"మరి సూడు. సస్తావా?"

స్టోరుకూ క్యాంటీనుకూ మధ్య సరుకులు అందించే కిటికీ ఉంది. బల్ల లాక్కుని దాని ముందు కూర్చున్నాను. నా వయసు యాభై రెండు. ఇదే మొదటి సినిమా.

23వ రోజు

ముల్లు నలభై ఆరు. నూకరత్నం తడిగుడ్డ తీసేసింది. తెడ్డు పట్టుకోవద్దని అందరూ అంటే, తొట్టి గట్టున కూర్చుని విలన్ను తిడుతోంది. ఆమె తిట్టినంతసేపూ ఆ తొట్టి ఆగదు.

సినిమాల గురించి నా అభిప్రాయం మారలేదు. అర్థంలేనివి. ఉదాహరణకు ఇప్పుడు నడుస్తున్నది. హీరో ఎనిమిదేళ్ళు జైల్లో ఉన్నాడన్నారు. బయటికొచ్చేసరికి ఇంట్లో కొడుక్కి ఆరేళ్ళు. లెక్క తప్పు. ఇంతమంది చూస్తున్నారు, ఒక్కరికీ పట్టలేదు. లేదా తప్పు కాదు, ఏదో దాస్తున్నారు. భార్య ఆ కుర్రాణ్ణి చూసినప్పుడల్లా చూపు తిప్పుకుంటోంది. మేనమామ ప్రతి నెలా డబ్బు పంపుతున్నాడు. ఎందుకు పంపుతున్నాడు?

ఇవాళ మేనమామ రైలు దిగుతుండగా పీకాను. వరహాలు తొట్టిని పదహారు నిమిషాలు తిప్పాడు.

27వ రోజు

ముల్లు నలభై రెండు. ఇంకో రెండు గీతలు దిగితే ఆకుపచ్చ. పసుపులో ఉండగా ఇక్కడ పురుటికి ఒప్పుకోరట, దిగి రెండు రోజులు అక్కడే నిలబడితే నూకరత్నం ఇక్కడే ఉండొచ్చని నర్సు చెప్పింది. వరహాలు అందరితోనూ ముల్లు గురించే మాట్లాడుతున్నాడు. సినిమా మొదలయ్యేదాకా.

ఆ కుర్రాడు హీరో కొడుకు కాదని నాకు దాదాపు రూఢి అయింది.

30వ రోజు

ముల్లు ముప్ఫై తొమ్మిది. నిన్నా అంతే. పొద్దున నర్సు రేడియోలో నూకరత్నానికి అనుమతి ఇచ్చింది. పురిటి సామాను ఇక్కడికే పంపుతారట.   వరహాలు రేడియో పక్కన నిలబడి గోడకేసి తిరిగి కాసేపు ముక్కు చీదుకున్నాడు.

అయినా ఒక్క రోజు తిప్పకపోతే మళ్ళీ పైకి పోతుంది. సాయంత్రం కిటికీ ముందు కూర్చున్నాను.

మేనమామ మంచాన పడ్డాడు. హీరో గది తలుపు తోసుకుని వచ్చాడు. పీకాల్సిన చోటు అదే. కానీ మేనమామ నోరు తెరిచాడు. ఇంకొక్క క్షణం చూద్దామనుకున్నాను. "ఆ బిడ్డ..." అన్నాడు. దగ్గు వచ్చింది. ఇంకొక్క క్షణం. హీరో నీళ్ళు తాగించాడు. మేనమామ దిండు కింద నుంచి ఫొటో తీశాడు. ఫొటో వెనక్కి తిప్పి ఉంది. గంటన్నర దాటిందని గడియారం చెప్తోంది, నేను వినలేదు. హీరో చెయ్యి చాచాడు. ఫొటో అందుకున్నాడు. తిప్పబోయాడు.

తెర ఆరిపోయింది.

"ఎవడ్రా అది!"

గోడలు అదిరేంత గొంతు. ఆ గొంతు నాదేనని తెలియడానికి కొంచెం సమయం పట్టింది. నేను బల్ల మీద నిలబడి ఉన్నాను. "ఫొటో తిప్పుతుంటే ఆపుతారా? ఒక్క నిమిషం ఆగితే ఎవడి సొమ్ము పోయింది? బుద్ధుందా!"

క్యాంటీన్లో ఉన్న తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడం అంత కష్టమైన పనని వాళ్ళ మొహాలు చూసేదాకా నాకు తెలియదు.

వరహాలు వచ్చి కిటికీలోంచి తెడ్డు అందించాడు.

"రా మావా. అపారం కంపెనీని తరవాత తిడుదువు గాని."

ఫ్యూజు పెట్టె తాళం వేసే ఉంది. వెళ్ళి చూస్తే, తొట్ల గదిలోంచి పోయే గిన్నె యాంటెన్నా తీగ ఊడి వేలాడుతోంది. తీగ కొసన పచ్చటి తడి. పైడమ్మ ఆరో తొట్టి మీద వంగి పనిలో ఉంది, తల ఎత్తలేదు. ఆమె చేతులు పచ్చగా ఉన్నాయి. వరహాలు చేతులూ పచ్చగానే ఉన్నాయి. ఇప్పుడు ఈ కాలనీలో అందరి చేతులూ అంతే. ఎవరు లాగారో విచారించలేదు.

ఆరో తొట్టికి నాలుగో తెడ్డు నాది. ఎనిమిదేళ్ళ జైలు, ఆరేళ్ళ కొడుకు, మేనమామ డబ్బు, అన్నీ వరసగా లెక్కవేసి ఆ కుర్రాడు ఎవరి కొడుకో వాళ్ళకు చెప్పాను. ఆగకుండా చెప్పాను. తొట్టి చుట్టూ ఉన్న ఒక్కరూ ఒప్పుకోలేదు. మేనమామ అంత నీచుడు కాడని నూకరత్నం గట్టు మీంచి నా మీద కేకలేసింది. వరహాలు పెళ్ళాం వైపు చేరాడు. నేను తగ్గలేదు. తీగ మళ్ళీ ఎవరు తగిలించారో కూడా చూడలేదు. అవతల సినిమా మొదలైందని పైడమ్మ రెండుసార్లు చెప్పింది. మేమింకా తిప్పుతూనే ఉన్నాం.